దూరవిద్యలో వ్యవసాయ కోర్సులు: ఫీజు కట్టే ముందు రైతు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో పట్టణాల బస్టాండ్ల దగ్గర, మండల కేంద్రాల్లో కరపత్రాలు పంచుతుంటారు. "ఇంట్లో ఉంటూనే వ్యవసాయ డిగ్రీ", "పొలం పని మానకుండా బీఎస్సీ అగ్రికల్చర్", "ఎరువుల దుకాణం లైసెన్సుకు పనికొచ్చే కోర్సు" అని వాటిలో రాస్తారు. చదువుకోవాలని ఉండి ఊరు వదలలేని పిల్లలు, పొలం చూసుకుంటూ దుకాణం పెట్టుకోవాలనుకునే యువ రైతులు వీటికి ఆకర్షితులవుతారు.

కొన్నేళ్ల క్రితం ఒక కౌలు రైతు తన కొడుకును వెంటబెట్టుకుని మా కార్యాలయానికి వచ్చాడు. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలన్నాడు. అబ్బాయి చేతిలో దూరవిద్యలో పూర్తి చేసిన వ్యవసాయ డిగ్రీ పట్టా ఉంది. దాని మీద పేరున్న విశ్వవిద్యాలయం వేరే రాష్ట్రంలో నిజంగానే ఉంది. కానీ ఆ కోర్సుకు గుర్తింపు లేదు. వీళ్లు ఫీజు కట్టింది మన పట్టణంలో ఒక అద్దె గదిలో నడిచిన కేంద్రానికి. ఆ కేంద్రం అప్పటికే మూతబడింది. భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టానని తండ్రి చెప్పాడు. ఆ పట్టా లైసెన్సుకు చెల్లలేదు. చేరే ముందు ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే వారికి ఈ నష్టం జరిగేది కాదు.

దూరవిద్య చెడ్డది కాదు. సరైన కోర్సును సరైన సంస్థలో చేస్తే రైతుకు ఎంతో మేలు. అయితే కోర్సు విలువ బోర్డు మీది పేరును బట్టి రాదు. ఆ కోర్సుకు ఎవరు అనుమతి ఇచ్చారు, ఎవరు నడుపుతున్నారు, పట్టా ఎవరిస్తారు అనే మూడు విషయాలను బట్టి వస్తుంది. ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

డిగ్రీ ఇచ్చే అధికారం ఎవరికి ఉంది?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం 1956లో వచ్చింది. ఈ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు కొన్ని సంస్థలకే ఉంది. అవి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర శాసనసభ చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, కేంద్రం హోదా ఇచ్చిన డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన కొన్ని సంస్థలు. ట్రస్టు, సొసైటీ, కంపెనీ, అకాడమీ పేరుతో నమోదైనంత మాత్రాన డిగ్రీ ఇవ్వడానికి వీల్లేదు. "ప్రభుత్వంచే రిజిస్టర్ అయిన సంస్థ" అని రాసి ఉంటే సొసైటీగా నమోదైందని మాత్రమే అర్థం చేసుకోవాలి. నకిలీ విశ్వవిద్యాలయాల పేర్లను యూజీసీ తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది.

దూరవిద్యకు దీనితో పాటు మరో అనుమతి కావాలి. 2013 వరకు ఇగ్నో కింద ఉన్న దూరవిద్యా మండలి ఈ పని చూసేది. ఆ తరువాత బాధ్యత యూజీసీకి మారింది. ఇప్పుడు యూజీసీలోని దూరవిద్యా విభాగం (డెబ్) అనుమతులు ఇస్తోంది. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నంత మాత్రాన అది నడిపే ప్రతి దూరవిద్యా కోర్సుకూ గుర్తింపు ఉన్నట్లు కాదు. ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో విడిగా చూడాలి. విత్తన కంపెనీ పేరు మంచిదైనా సంచి మీద రకం, లాట్ నంబరు, గడువు చూసే కొంటాం కదా. ఇదీ అంతే.

విశ్వవిద్యాలయంలో ఎవరి పని ఏది?

కేంద్రం నడిపేవారు "మాకు వీసీ గారు తెలుసు", "రిజిస్ట్రార్ సంతకం చేశారు" అంటుంటారు. అందుకే ఎవరి అధికారం ఎంతో తెలుసుకోవడం మంచిది.

• వైస్ ఛాన్సలర్: విశ్వవిద్యాలయ పాలనకు అధిపతి. అయినా తన ఇష్టప్రకారం కొత్త డిగ్రీ మొదలుపెట్టలేరు.
• పాఠ్య మండలి (బోర్డ్ ఆఫ్ స్టడీస్): ఒక్కో సబ్జెక్టులో ఏం చెప్పాలో నిర్ణయిస్తుంది.
• అకడమిక్ కౌన్సిల్: కోర్సు కాలం, అర్హతలు, పరీక్షల పద్ధతి వంటి విద్యా విధానాలను ఆమోదిస్తుంది.
• పాలక మండలి: కోర్సు ప్రారంభం, ఖర్చు, సిబ్బంది, ఇతర సంస్థలతో ఒప్పందాలపై తుది నిర్ణయం తీసుకుంటుంది.
• రిజిస్ట్రార్: ఉత్తర్వులు, ఒప్పందాలు, రికార్డులు ఈ కార్యాలయం నుంచే నడుస్తాయి.
• పరీక్షల నియంత్రణాధికారి: పరీక్షలు, ఫలితాలు, మార్కుల జాబితాలు చూస్తారు.
• దూరవిద్య డైరెక్టర్: పాఠ్య పుస్తకాలు, ప్రవేశాలు, అధ్యయన కేంద్రాల పర్యవేక్షణ చూస్తారు.
• అధ్యయన కేంద్రం సమన్వయకర్త: మన ఊరికి దగ్గరలో తరగతులు ఏర్పాటు చేసి విద్యార్థులకు సాయపడతారు.

సమన్వయకర్తకు పట్టా ఇచ్చే అధికారం గానీ, మార్కులు మార్చే అధికారం గానీ, సొంతంగా ఫీజు పెంచే అధికారం గానీ లేదు. "పరీక్షకు రాకపోయినా మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

అధ్యయన కేంద్రాల ఒప్పందాలు

దూరవిద్యా విశ్వవిద్యాలయం ప్రతి పట్టణంలో సొంత భవనం కట్టుకోలేదు. అందుకే అక్కడున్న కళాశాలతో ఒప్పందం చేసుకుంటుంది. మన తెలుగు నేలకు ఇది కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో ఇక్కడే ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల గదులను, అధ్యాపకులను సెలవు రోజుల్లో వాడుకుంటూ, తెలుగులో పుస్తకాలు ఇచ్చి చదివించే పద్ధతి అలా మన దగ్గర స్థిరపడింది. పొలం పనులు చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేసినవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు.

ఈ ఒప్పందంలో కళాశాల పని సాయపడడం వరకే. ప్రవేశం, పరీక్ష, పట్టా విశ్వవిద్యాలయం చేతిలోనే ఉండాలి. వీటిని ప్రైవేటు వ్యక్తులకు కమీషన్ మీద అప్పగించడాన్ని ఫ్రాంచైజీ అంటారు. దీన్ని యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి ఒక దుకాణం పైగదిలో, కంప్యూటర్ సెంటర్‌లో, కన్సల్టెన్సీ కార్యాలయంలో నడిచే "అధ్యయన కేంద్రాన్ని" మొదటే అనుమానించాలి.

మరో ముఖ్య విషయం పరిధి. రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి దూరవిద్యా కేంద్రాలు పెట్టకూడదు. ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ పరిధి విషయాన్ని స్పష్టం చేసింది. ఇగ్నో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది కనుక దేశమంతా పనిచేస్తుంది. మనకు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో దాని ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడిన సంస్థల పరిధి 2014లో రాష్ట్ర విభజన తరువాత ప్రశ్నగా మారింది. అందువల్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో చేరాలనుకునేవారు తమ జిల్లాలో ఈ ఏడాది ప్రవేశాలు ఉన్నాయా అని విశ్వవిద్యాలయం ప్రకటనలోనే చూసుకోవాలి.

కరపత్రాల్లో "ఎంఓయూ కుదుర్చుకున్న సంస్థ" అని గొప్పగా రాస్తారు. ఎంఓయూ అంటే రెండు సంస్థలు కలిసి పనిచేద్దామని రాసుకున్న అవగాహన పత్రం. శిక్షణకో, పరిశోధనకో, పుస్తకాల తయారీకో అది ఉండవచ్చు. దానివల్ల కోర్సుకు గుర్తింపు రాదు. విదేశీ విశ్వవిద్యాలయం పేరు చూపించినా ఇదే వర్తిస్తుంది.

వ్యవసాయ డిగ్రీ దూరవిద్యలో ఎందుకు లేదు?

యూజీసీ 2020 సెప్టెంబరులో సార్వత్రిక, దూర, ఆన్‌లైన్ విద్యపై నిబంధనలు ప్రకటించింది. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడని కోర్సుల్లో ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రంతో పాటు వ్యవసాయం, ఉద్యాన డిగ్రీలు కూడా ఉన్నాయి. కాబట్టి దూరవిద్యలో బీఎస్సీ అగ్రికల్చర్ ఇస్తామని ఇప్పుడు ఎవరు చెప్పినా నమ్మవద్దు.

దీనికి కారణం రైతుకు తేలికగానే అర్థమవుతుంది. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్ల చదువు. అందులో నేల నమూనా తీయడం, పురుగును, తెగులును గుర్తించడం, విత్తన పరీక్ష, యంత్రాల వాడకం చేతితో నేర్చుకోవాలి. చివరి సంవత్సరంలో విద్యార్థులు గ్రామాల్లో ఉండి రైతులతో కలిసి పనిచేస్తారు. మీ ఊరికి వచ్చే రావెప్ విద్యార్థులు వాళ్లే. పుస్తకం చదివి పరీక్ష రాస్తే దోమపోటుకూ ఎండాకు తెగులుకూ తేడా తెలియదు. తెలియని మనిషి రాసిచ్చిన మందు కొడితే నష్టపోయేది మన చేనే.

సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పాఠం

అనుమతి లేని కోర్సులో చేరితే ఏమవుతుందో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే తెలుస్తుంది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అవసరమైన అనుమతులు లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను కోర్టు నిలిపివేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. ఆ తరువాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసి, ఫీజు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఫీజు తిరిగి వచ్చినా గడిచిన ఏళ్లు తిరిగి రావు. "విశ్వవిద్యాలయమే ఇచ్చింది, మాకేం తెలుసు" అన్న మాట అక్కడ వారిని కాపాడలేదు.

రైతులకు ఉన్న సరైన దారులు

1. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు: డిగ్రీ లేకపోయినా వ్యవసాయంలో దూరవిద్య ద్వారా నేర్చుకునే చిన్న కోర్సులు ఉన్నాయి. ఇగ్నో వ్యవసాయ విభాగం సేంద్రియ సాగు, పట్టు పరిశ్రమ, తేనెటీగల పెంపకం, కోళ్ల పెంపకం వంటి వాటిలో సర్టిఫికెట్ కోర్సులు, వాటర్‌షెడ్ నిర్వహణ, పాల సాంకేతికత వంటి వాటిలో డిప్లొమాలు రూపొందించింది. ఒక్కోదానికి అర్హత వేరు. పుస్తకాలు ఏ భాషలో ఇస్తారో, ప్రాక్టికల్స్ ఎక్కడ జరుగుతాయో, ఈ విడతలో మన ప్రాంతీయ కేంద్రంలో ప్రవేశాలు ఉన్నాయో చేరే ముందే అడగాలి.

2. వ్యవసాయ విశ్వవిద్యాలయాల కోర్సులు: ఉమ్మడి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. 2014 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు దగ్గర లాం కేంద్రంగా ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలో రాజేంద్రనగర్ కేంద్రంగా ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పనిచేస్తున్నాయి. ఇవి రైతుల కోసం, గ్రామీణ యువత కోసం తక్కువ కాలపు సర్టిఫికెట్ కోర్సులను తెలుగులో ప్రకటిస్తుంటాయి. ప్రకటన వచ్చినప్పుడు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ఏరువాక కేంద్రంలో గానీ అడిగితే వివరాలు చెబుతారు.

3. దేశీ డిప్లొమా: ఎరువులు, పురుగుమందులు అమ్మే డీలర్ల కోసం హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ప్రారంభించిన ఏడాది డిప్లొమా ఇది. 48 వారాలు ఉంటుంది. వారానికి ఒక రోజు, ఆదివారం లేదా మార్కెట్ సెలవు రోజున తరగతులు, క్షేత్ర సందర్శనలు జరుగుతాయి. ఇక్కడ కూడా సంస్థల మధ్య ఒప్పందాలే ఆధారం. మేనేజ్ పాఠ్య ప్రణాళిక ఇస్తుంది, రాష్ట్రంలోని సమేతి సమన్వయం చేస్తుంది, కృషి విజ్ఞాన కేంద్రాల వంటి శిక్షణ సంస్థలు తరగతులు నడుపుతాయి. కానీ ప్రతి మెట్టులోనూ బాధ్యత ఎవరిదో రాసి ఉంటుంది. సరైన భాగస్వామ్యం ఇలా ఉండాలి. దుకాణం పెట్టే ఆలోచన ఉన్నవారు ముందు మండల వ్యవసాయ అధికారిని కలిసి, ఏ లైసెన్సుకు ఏ అర్హత చెల్లుతుందో కనుక్కుని తరువాతే కోర్సు ఎంచుకోవాలి.

4. పిల్లలకు రెగ్యులర్ చదువు: వ్యవసాయాన్ని వృత్తిగా చదవాలనుకుంటే పదో తరగతి తరువాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. ఆ డిప్లొమా చేసినవారు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరవచ్చు. ఇంటర్ బైపీసీ చదివినవారు ఎప్‌సెట్ ద్వారా చేరవచ్చు. ఈ సీట్లలో రైతు బిడ్డలకు ప్రత్యేక కోటా ఉంది. దానికి భూమి పత్రాలు, గ్రామీణ ప్రాంతంలో చదివినట్లు రుజువులు కావాలి. చాలామంది ఈ పత్రాలు సమయానికి సిద్ధం చేసుకోక అవకాశం పోగొట్టుకుంటున్నారు. పిల్లవాడు ఇంటర్‌లో ఉండగానే వీటిని సర్దుకోవాలి.

5. సాధారణ డిగ్రీలు: బీఏ, బీకాం వంటివి అనుమతి ఉన్న విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో చేయవచ్చు. నిబంధనల ప్రకారం నడిచిన ఈ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ ప్రకటించింది. కాబట్టి వీటిని చిన్నచూపు చూడనక్కరలేదు.

ఫీజు కట్టే ముందు చూసుకోవలసినవి

• యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, విద్యా సంవత్సరం మూడూ ఉన్నాయా చూడాలి. ఫోన్‌లో చూడడం రాకపోతే ఊళ్లో చదువుకున్న పిల్లల చేత చూపించుకోవాలి.
• ఆ విశ్వవిద్యాలయం ఏ రాష్ట్రానిది, మన జిల్లా దాని పరిధిలోకి వస్తుందా అడగాలి.
• అధ్యయన కేంద్రం పేరు విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైట్‌లో ఉందా చూడాలి. కేంద్రం వాళ్లు చూపించే ఫ్రేము కట్టిన పత్రం చాలదు.
• ఫీజు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టాలి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకూడదు. ఫోన్ పే, గూగుల్ పే ద్వారా వ్యక్తి నంబరుకు పంపకూడదు.
• 2024 నుంచి దూరవిద్యా డిగ్రీ ప్రవేశాలకు విద్యార్థి పేరుతో డెబ్ ఐడీ తీసుకోవాలి. దీన్ని విద్యార్థే స్వయంగా తన వివరాలతో తీసుకోవాలి. "అవేం అక్కర్లేదు" అని ఎవరైనా అంటే ఆ ప్రవేశం సక్రమం కాదు.
• పరీక్షలు ఎక్కడ, ఎవరు పెడతారో అడగాలి. దూరవిద్యా డిగ్రీల్లో సాధారణంగా 70 శాతం మార్కులు చివరి పరీక్షకు, 30 శాతం అసైన్‌మెంట్లు వంటి వాటికి ఉంటాయి. "పరీక్ష లేకుండా పట్టా", "పాత సంవత్సరం తేదీతో పట్టా" అనేవి మోసాలు. వాటిని వాడినవారి మీదా కేసు పెట్టే వీలుంది.
• అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకూడదు. నకళ్లు మాత్రమే ఇవ్వాలి.
• కోర్సు దేనికి కావాలో మొదటే తేల్చుకోవాలి. ఉద్యోగానికైతే నియామక ప్రకటనలోని అర్హతలు, దుకాణానికైతే లైసెన్సు నిబంధనలు, సొంత సాగుకైతే ప్రాక్టికల్స్ ఎలా ఉన్నాయో చూడాలి.

ఇప్పటికే చేరి ఉంటే ఏం చేయాలి?

ముందుగా ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో లేఖ రాయాలి. తన పేరు రికార్డుల్లో ఉందా, కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందా అని అడగాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. అధ్యయన కేంద్రం మూతబడినా, కోర్సుకు అనుమతి ఉండి విద్యార్థి పేరు రికార్డుల్లో ఉంటే, మరో కేంద్రానికి మార్చమని విశ్వవిద్యాలయాన్ని కోరాలి. అంతా మోసమని తేలితే రసీదులు, కరపత్రాలు, ఫోన్ సందేశాలు జాగ్రత్త చేసి పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఫీజు కోసం న్యాయ సలహా కావాలంటే మండల న్యాయ సేవాధికార కమిటీని కలవవచ్చు. ఇంత ఖర్చు పెట్టాం కదా అని మిగిలిన ఫీజు కూడా కట్టి మరింత నష్టపోవద్దు.

చివరిగా ఒక మాట

విత్తనం కొనేటప్పుడు పదిమందిని అడుగుతాం, బిల్లు తీసుకుంటాం, సంచి దాచుకుంటాం. విత్తనం మోసం చేస్తే ఒక పంట పోతుంది. పట్టా మోసం చేస్తే పిల్లవాడి మూడు నాలుగేళ్లు పోతాయి. కాబట్టి చదువు విషయంలో అంతకంటే ఎక్కువ జాగ్రత్త అవసరం. కరపత్రం చేతికి వస్తే దాన్ని పట్టుకుని ముందు మీ రైతు సేవా కేంద్రానికి గానీ, రైతు వేదికకు గానీ, మండల వ్యవసాయ అధికారి కార్యాలయానికి గానీ వెళ్లండి. కోర్సు చెల్లుతుందో లేదో చూసి చెప్పమని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.